మా ఆఫీసంతటికీ ఒరియా వచ్చిన పది రోజులు

ఇప్పుడు ఆరోగ్య శాఖలో చేరుతున్న పిల్లలు ట్యాబులు పట్టుకుని సర్వేలు చేస్తున్నారు. ఒక్క గడి ఖాళీగా వదిలినా ఆ ట్యాబు ముందుకు కదలదట. అదృష్టవంతులు. నేను రిటైరై మూడేళ్ళే అయింది గానీ, నా రోజుల్లో కాగితం మీద ఏం రాసినా కాగితం నోరెత్తేది కాదు. దాని బదులు తర్వాత మనమే నోరెళ్ళబెట్టేవాళ్ళం.

నేను గణాంకాల సెక్షనులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. కోనసీమలో ఏ ఊరి ఆఫీసో చెప్పను. చెబితే ఇంకా అందులో ఉన్నవాళ్ళు నన్ను శుభకార్యాలకి పిలవడం మానేస్తారు. మనుషుల పేర్లూ చెప్పను. ఈ కథ మొత్తంలో ఉన్న ఒకే ఒక్క పేరు "ఫలానా". ఆ పేరు పెట్టినవాణ్ణీ నేనే, దాని మూలాన మెమో అందుకున్నవాణ్ణీ నేనే.

నాకొక పిచ్చి ఉండేది. ఏ సర్వే వచ్చినా ముందు ఒక ఫారం నా చేత్తో నింపి, పైన ఎర్ర సిరాతో "మోడల్ ఫారం" అని రాసి, అన్ని ఆరోగ్య కేంద్రాలకూ జిరాక్సు పంపేవాణ్ణి. నా దస్తూరీ బాగుంటుందని నాకు గట్టి నమ్మకం. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ కూడా ఒకసారి ఆ మాటంది. తర్వాత మళ్ళీ అనలేదు, అది వేరే సంగతి.

రిటైర్మెంటు ఇంకో ఐదు నెలలుందనగా పై ఆఫీసు నుంచి ఒక వింత సర్వే వచ్చింది. మా సిబ్బందిలో ఎవరికి ఏ భాషలు వచ్చో, ఎవరి ఆచారాలు ఎంతవరకు తెలుసో రాసి పంపాలి. మొదటి పేజీ అంతా భాషలు. మాట్లాడగలరా, చదవగలరా, రాయగలరా. రెండో పేజీ అంతా ఆచారాలు. మీ పరిధిలోని వలస కుటుంబాల్లో పురుడు పద్ధతులు తెలుసా, తిండి కట్టుబాట్లు తెలుసా, ఆడవాళ్ళు ఎవరి ఎదుట మాట్లాడతారో తెలుసా, వగైరా. ఎక్కడ భాష తెలిసినవాళ్ళు లేరో అక్కడికి ఒక భాషా సహాయకురాలిని పంపుతామని ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

ఆ చిన్న అక్షరాలు చదివి మర్నాడే ఒక ఏఎన్ఎం స్కూటీ వేసుకుని మా ఆఫీసుకొచ్చేసింది. కాట్రేనికోన అవతల సముద్రం వైపు రొయ్యల చెరువులున్నాయి కదా, అక్కడ షెడ్లలో ఒరిస్సా కుటుంబాలు పనిచేస్తుంటాయి. ఆ ఊళ్ళన్నీ ఆ అమ్మాయి పరిధి.

"బాబాయిగారండీ, మీరేం చేస్తారో నాకు తెలీదండి. ఆ సహాయకురాలు మాత్రం మాకే రావాలండి" అంది, మంచినీళ్ళు కూడా తాగకుండా.

"ఏమ్మా, అంత అవసరమా?"

"అవసరమేంటండీ బాబూ! మా షెడ్డులో ఒక పిల్లకి ఏడో నెల నడుస్తోందండి. ఇరవై ఏళ్ళుంటాయో లేదో. బీపీ అంచు మీదుందండి. తలనొప్పి ఉందా అంటే తలూపుతుంది. లేదా అంటే తలూపుతుంది. అది కూడా ముసుగు లోపల ఊపుతుందండి, అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో ఎలా తెలుస్తుంది?"

"వాళ్ళలో తెలుగొచ్చిన వాళ్ళెవరూ లేరా?"

"మేస్త్రీ ఉన్నాడండి. ఆ పిల్ల వాళ్ళాయనకి సొంత అన్నగారేనండి. సొంత బావగారే కదా, అంతకంటే చనువెవరికుంటుందని ప్రతిసారీ ఆయన్నే నిలబెడుతున్నాను. ఆయనేమో గుమ్మం బయట అటు తిరిగి నిలబడి 'అంతా బాగుంది' అంటాడు. డాక్టరుగారు చూసినప్పుడూ ఇదే వరస. ఎంత పొగరండీ ఆ మనిషికి! ఆ పిల్లకేమన్నా అయితే నాకు అన్నం సయించదండి."

"వస్తుందిలే అమ్మా, నాదీ పూచీ" అన్నాను. ఆ మాట మీద ఆ అమ్మాయి కాఫీ తాగి వెళ్ళింది.

ఆ పూటే కూర్చుని మోడల్ ఫారం తయారుచేశాను. పేరు: ఫలానా. మాతృభాష: తెలుగు. అన్ని గడుల్లోనూ టిక్కులెలా పెట్టాలో తెలియాలి కదా అని, ఒరియా ఎదురుగా మాట్లాడగలరు, చదవగలరు అని టిక్కులు పెట్టాను. రెండో పేజీలో వలస కుటుంబాల ఆచారాలు తెలుసా అన్న చోటల్లా "తెలుసు" అని పెట్టాను. ఫారం ముద్దొచ్చేలా కుదిరింది. జిరాక్సులు తీయించి అన్ని చోట్లకీ పంపాను.

వారంలో ఫారాలన్నీ తిరిగొచ్చాయి. నా పెన్షను కాగితాల హడావిడిలో ఉండి ఒక్కటీ చదవలేదు, మొత్తాలు మాత్రం వేశాను. నా సర్వీసులో మొట్టమొదటిసారి అడ్డంగా కూడినా నిలువుగా కూడినా లెక్క సరిపోయింది! ఆ ఆనందంలో ఏదో తేడాగా ఉందన్న అనుమానం కూడా రాలేదు. సంతకం పెట్టి పైకి పంపేసి, ఇంటికెళ్ళి పూతరేకులు తిన్నాను.

పై ఆఫీసు జవాబు మెయిల్లో వచ్చింది. మీ సిబ్బంది భాషా నైపుణ్యం అభినందనీయం, నూటికి నూరు మందికీ ఒరియా తెలిసి ఉండటం విశేషం, కనుక మీకు భాషా సహాయకురాలి అవసరం లేదని భావిస్తున్నాము, పది రోజుల్లో మా అధికారి ఒకరు మీ దగ్గరికి వచ్చి సిబ్బంది ఒక వలస రోగితో మాట్లాడే తీరును స్వయంగా చూస్తారు అని.

ఫారాల కట్ట విప్పాను. ప్రతి ఫారమూ నా ఫారమే, నా పూచీ నమ్మి మోడల్ దించేసిన ఏఎన్ఎందీ అంతే! అవే టిక్కులు, అవే గడులు. పదకొండు మంది అయితే పేరు కూడా "ఫలానా" అనే రాశారు. అందులో ఇద్దరు వాచ్‌మన్లు.

మా ఫార్మసిస్టుని పిలిచి, "ఏమయ్యా, నీకు ఒరియా వచ్చా?" అని అడిగాను.

"రాదండి."

"మరి వచ్చని రాశావే?"

"మోడల్ మీరే పంపేరు కదండీ గురువుగారూ. మోడల్ కాదని సొంతంగా రాస్తే మిమ్మల్ని తప్పుపట్టినట్టు ఉండదాండీ?" అన్నాడు ఎంతో మర్యాదగా. "అదీగాక క్రితం సారి నేను మోడల్ ప్రకారం రాయలేదని ఫారం నా మొహాన కొట్టేరు కూడానండి."

కొట్టిన మాట నిజమే.

ఏఎన్ఎం ఫోను చేసింది. ఎవరు చెప్పారో ఏమో, సంగతంతా తెలిసిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. "మీ పూచీ అన్నారు కదండీ బాబాయిగారూ" అని ఒక్క మాట అని ఫోను పెట్టేసింది. ఆ రోజు నాకు సిగ్గుతో ముద్ద దిగలేదు.

మా అధికారి మంచివాడే గానీ పిరికివాడు. నిజం రాసి పంపేద్దామండీ అంటే, "ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతూ ఎందుకండీ మీకిది? పది రోజులుంది. నాలుగు ముక్కలు నేర్చేసుకుంటే పోలా!" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో ఆయన మాట చాలా నచ్చింది.

అలా మా ఆఫీసు మేడ మీద ఒరియా బడి మొదలైంది. పంతులెవరంటే ఆ షెడ్డు మేస్త్రీయే. రోజూ సాయంత్రం పని దిగి బైకు మీద వచ్చేవాడు. పొగరున్న మనిషని విన్నాను గానీ నాకలా కనిపించలేదు. సిగ్గరి. ఫార్మసిస్టు, నేను, లేడీ సూపర్‌వైజరు గారు, అంబులెన్సు డ్రైవరు, ఇంకో డజను మంది నోటు పుస్తకాలు పట్టుకుని బెంచీల మీద కూర్చునేవాళ్ళం.

"ముందేం నేర్పాలి సార్?" అన్నాడు మేస్త్రీ మొదటి రోజు.

నొప్పి ఎక్కడ, జ్వరం ఎప్పట్నించి అని నేను అనబోయేలోగా, "అన్నం తిన్నారా అని ఎలా అడుగుతారండి?" అన్నారు సూపర్‌వైజరు గారు. మిగతావాళ్ళంతా "ఆయ్, ముందదే" అన్నారు. మనిషి కనబడగానే ఆ మాట అడక్కపోతే మా వైపు వాళ్ళకి నోరు కదలదు.

"ఖాయిలే కి?" అని చెప్పాడు.

అది మాత్రం అందరికీ ఒక్క పూటలో వచ్చేసింది. మిగతావి ఎంతకీ ఎక్కలేదు. ఫార్మసిస్టు సాయంత్రం నేర్చినది రాత్రి భోజనంతో పాటు మింగేసేవాడు. డ్రైవరు కువైట్‌లో ఆరేళ్ళు చేసొచ్చాడు, పరాయి భాష అనగానే అతని నోట అరబ్బీ తప్ప ఇంకోటి వచ్చేది కాదు. "కాళ్ళు వాచాయా" అని అడగమంటే ఏదో అరబ్బీలో అనేసి, "ఇదైతే పక్కాగా వచ్చండి, పనికిరాదాండీ?" అని బతిమాలేవాడు. మేస్త్రీ నవ్వు ఆపుకోలేక మొహం కిటికీ వైపు తిప్పుకునేవాడు. ఎనిమిది రోజులకి మా అందరి ఆస్తీ కలిపి ఆ ఒక్క "ఖాయిలే కి".

అయినా నా ధైర్యమేమిటంటే, ఆ రోజు మేస్త్రీని పక్కనే నిలబెట్టుకుని గట్టెక్కేద్దామని. తీరా ఆ పొద్దున్నే అతను ఫోను చేశాడు. "సార్, ఇవాళ చెరువు పట్టుబడి. రొయ్యలు లారీ ఎక్కేవరకు నేను కదలడానికి లేదు." తమ్ముడు కూడా చెరువు మీదే ఉన్నాడట. కొంప మునిగిందనుకున్నాను.

పదకొండింటికి పై ఆఫీసు నుంచి అధికారిణి వచ్చారు. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు, చేతిలో మా ఫారాల ఫైలు. మీటింగు హాల్లో మధ్యన కుర్చీ వేశాం. ఏఎన్ఎం ఆ గర్భిణిని అంబులెన్సులో తీసుకొచ్చి కూర్చోబెట్టింది. నా వైపు చూడనైనా చూడలేదు. పిల్ల మెడ దాకా ముసుగు కప్పుకుని బొమ్మలా కూర్చుంది.

"మొదలుపెట్టండి" అన్నారు అధికారిణి.

ముందు ఫార్మసిస్టు వెళ్ళాడు. చేతులు కట్టుకుని వంగి, "ఖాయిలే కి?" అన్నాడు.

ముసుగు కొంచెం కదిలింది. ఆ పిల్ల అందులోంచి హాలంతా ఒకసారి కలియజూసింది, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు. ఎవరూ లేరని రూఢి చేసుకుందేమో, ముసుగు తీసేసింది! ఏదో చిన్న మాటంది. ఫార్మసిస్టు "ఆయ్, ఆయ్" అని తలూపి, బరువు దిగినట్టు వచ్చేశాడు.

తర్వాత సూపర్‌వైజరు గారు. ఆవిడ నేర్చుకున్నవన్నీ మరిచిపోయి "ఖాయిలే కి?" అన్నారు. పిల్ల మళ్ళీ అదే మాటంది. "ఆయ్." తర్వాత డ్రైవరు. అరబ్బీ రాకుండా పళ్ళు బిగపట్టి, "ఖాయిలే కి?" నాలుగో మనిషీ అదే, ఐదోవాణ్ణి నేనూ అదే. ఐదోసారికి ఆ పిల్లకి నవ్వాగలేదు. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. మేమూ నవ్వాం. మా అధికారి మొహం వెలిగిపోయింది.

ఆ నవ్వుతో ఏ కట్ట తెగిందో గానీ, ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెట్టింది. ఆగకుండా మాట్లాడింది. తల పట్టుకుంది, కళ్ళు చూపించింది, పాదాలు చూపించింది. ఏఎన్ఎం లేచి నిలబడిపోయింది.

"మూడు నెలల్నించి ఒక్క ముక్క మాట్లాడలేదండి ఈ పిల్ల" అంది నెమ్మదిగా.

"ఏమంటోంది?" అని అడిగారు అధికారిణి.

మా ఫార్మసిస్టు ఉండబట్టలేక, "అందరూ బాగా చూసుకుంటున్నారు, ఏ లోటూ లేదంటోందండి" అన్నాడు.

ఆ పిల్లకి తెలుగు రాకపోయినా వాడి పళ్ళికిలింపు అర్థమైనట్టుంది. నేనే దగ్గరగా ఉన్నాను. నా చొక్కా చెయ్యి పట్టుకుని, మళ్ళీ తల చూపించి, మళ్ళీ కళ్ళు చూపించి అదే చెప్పింది, ఈసారి నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. ఆ కళ్ళలో నీళ్ళున్నాయి.

"అమ్మా, ఈ పిల్ల ఏమంటోందో నాకు తెలీదండి" అన్నాను. "ఈ హాల్లో ఎవరికీ తెలీదండి. మాకు వచ్చిన ఒరియా అంతా మీరు ఐదుసార్లు విన్నారు. ఆ ఫారాలు నా మోడల్ చూసి ఎక్కించినవి. తప్పు నాది. వీళ్ళనేమీ అనకండి."

మా అధికారి తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం తాపీగా ఫైలు తెరిచారు. "పదకొండు మంది ఫలానాలున్న ఆఫీసు ఎలా ఉంటుందో చూద్దామనే వచ్చాను. మోడల్ రాసిన ఫలానా మీరన్నమాట" అన్నారు. "అది తర్వాత. ముందు ఈ అమ్మాయి మాట తెలియాలి. వీళ్ళవాళ్ళలో తెలుగొచ్చినవాళ్ళు ఎవరున్నారు?"

మేస్త్రీకి ఫోను కలిపి స్పీకరు పెట్టాను. "హలో సార్" అన్నాడో లేదో, పిల్ల ముసుగు టక్కున కిందికి దిగిపోయింది. మాట ఆగిపోయింది. మళ్ళీ బొమ్మే.

అధికారిణి నా చేతిలోంచి ఫోను తీసుకుని స్పీకరు ఆపారు. కాసేపటికి ముసుగు లేచింది. స్పీకరు పెట్టారు. ముసుగు దిగింది. ఆపారు. లేచింది. మేమంతా కరెంటు వైర్లు పరీక్ష చేస్తున్నవాళ్ళలా చూస్తూ నిలబడ్డాం.

"ఏమయ్యా, నీ గొంతు వినగానే ఈ అమ్మాయి మాట్లాడదేం?" అని ఆవిడ ఫోనులో అడిగారు.

"తమ్ముడి భార్య కదా మేడమ్. నా ముందు ఆమె మాట్లాడకూడదు, నేను ఆమె మొహం చూడకూడదు. మాలో పెద్ద తప్పు."

"ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పలేదేం?"

"సిస్టరు గారు 'బావగారే కదా, సిగ్గెందుకు' అని నవ్వింది మేడమ్. పెద్ద ఉద్యోగం ఆవిడది. నేను కాదంటే బాగుండదు. అందుకని అంతా బాగుంది అని చెప్పేవాణ్ణి."

ఏఎన్ఎం కుర్చీలో కూలబడింది. "అయ్యో రామ! నేనే ప్రతిసారీ ఆ పిల్ల నోటికి తాళం వేసి, మాట్లాడవేమే అని కసిరేనండీ!" అని నుదురు కొట్టుకుంది. ఆ అమ్మాయి తప్పేముంది? మా వైపు బావగారంటే పందిట్లో వేళాకోళాలాడే మనిషి. బావగారు పక్కనుంటే ఎవరైనా ఇంకో రెండు మాటలు ఎక్కువే మాట్లాడతారనుకుంటాం. లోకమంతా మన పెరడే అనుకున్నాం మేం. ఆచారాలు తెలుసన్న గళ్ళో టిక్కు పెట్టింది కూడా నేనే కదా.

అధికారిణి ఇచ్ఛాపురం వైపు పనిచేసి ఒరియా నేర్చుకున్న ఒక నర్సుకి ఫోను చేశారు. ఆడగొంతు వినగానే ముసుగు లేచింది, మాటలు మళ్ళీ మొదలయ్యాయి. అటునుంచి ఆ నర్సు ఒక్కొక్కటీ తెలుగులో చెప్పుకొచ్చింది. పది రోజులుగా విపరీతమైన తలపోటట. కళ్ళ ముందు మిణుగురు పురుగులు తిరుగుతున్నాయట. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదట. తనకేమైనా అయితే బిడ్డనైనా దక్కించమని మిమ్మల్ని అడుగుతోందండీ, అంది ఆ నర్సు.

ఏఎన్ఎం అప్పటికే బీపీ కట్టేస్తోంది. రీడింగు చూసి డ్రైవరుకి చెయ్యూపింది. అతను పరుగెత్తాడు.

"ఇంకో మాట కూడా అందండి" అంది ఫోనులో నర్సు. "మీ అందరూ వరసగా తిన్నావా తిన్నావా అని అడిగారంట కదండి. లేదు, పొద్దున్నించి ఏమీ తినలేదు, ఆకలేస్తోందని ఐదుసార్లు చెప్పిందంట. అందరూ తలూపి వెళ్ళిపోయారంట. మీలో తినలేదంటే తలూపడం ఆచారమా అని అడుగుతోందండి."

మెమో వస్తే వచ్చింది గానీ, నన్ను ఆ మాట కొట్టినంత దెబ్బ ఏ మెమో కొట్టలేదు. కోనసీమలో, గడపలోకొచ్చిన ఒట్టి మనిషి కాదు, కడుపుతో ఉన్న ఆడపిల్ల, ఐదుసార్లు ఆకలంటే ఐదుగురం ఆయ్ అన్నాం! సూపర్‌వైజరు గారు బావురుమని ఏడ్చేశారు. ఫార్మసిస్టు తన క్యారేజీ, ఆవిడ తన క్యారేజీ, మా అధికారి కోసం తెప్పించిన ఇడ్లీలు, ఇంకెవరివో అరటిపళ్ళు, అన్నీ అంబులెన్సులోకి ఎక్కాయి. డ్రైవరు, "నా సీటులో కూడా పెట్టేస్తే నేనెక్కడ కూర్చోనండీ" అని గోలపెట్టాడు.

పెద్దాసుపత్రిలో ఆ పిల్లని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి, ఆపరేషను చేసి కాన్పు చేశారు. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. ఇంకో నాలుగు రోజులు షెడ్డులోనే ఉండి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అన్నారు. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ నా దస్తూరీతోనే రాసుకున్నాను. దాంతో పాటే భాషా సహాయకురాలి ఆర్డరూ వచ్చింది, కాట్రేనికోన వైపుకే. ఏఎన్ఎం నాతో మళ్ళీ మాట్లాడింది.

బిడ్డని చూద్దామని ఒక మధ్యాహ్నం ఏఎన్ఎంతో, ఆ కొత్త సహాయకురాలితో కలిసి ఆసుపత్రికి వెళ్ళాను. పిల్ల ముసుగు లేకుండా మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టి గబగబా ఏదో అంది.

"ఆఫీసులో అందరికీ మా భాష వచ్చని రాసింది ఈయనేనా అంటోందండి" అంది సహాయకురాలు నవ్వు ఆపుకుంటూ.

"ఆయ్, నేనే" అన్నాను. "ఖాయిలే కి?" అని కూడా అడిగాను, నాకున్నది అదొక్కటే కాబట్టి.

పకపకా నవ్వింది. తిన్నానని చేత్తో చూపించింది. తర్వాత నవ్వు ఆపి, బిడ్డని ఒళ్ళో సర్దుకుని, నా మొహంలోకి చూస్తూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

"మీకొక మాట చెప్పాలంటోందండి. ఆ రోజు మీ చొక్కా పట్టుకున్నప్పుడు..." అని సహాయకురాలు అంటూ ఉండగా తలుపు తీసుకుని ఆమె భర్త వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు. అంతవరకు తెలుగు ముక్క రాని ఆ కుర్రాడికి మా ఏఎన్ఎం మర్యాదలన్నీ నేర్పేసినట్టుంది. ఫ్లాస్కు కింద పెట్టి, వంగి నా కాళ్ళకి దండం పెట్టి, "అన్నయ్యగారండీ, బాగున్నారాండీ!" అన్నాడు.

మాట సగంలో ఉండగా ముసుగు టక్కున దిగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

సహాయకురాలు వంగి అడిగింది. ముసుగులోంచి గుసగుసగా జవాబొచ్చింది. "ఆయన మిమ్మల్ని అన్నయ్యగారు అన్నాడు కదండి. మీరు ఆవిడకి బావగారయ్యేరండి. ఇంక మీ ముందు మాట్లాడదంటండి."

"ఓరి నాయనో" అని ఏఎన్ఎం నోరు నొక్కుకుంది. "నేనేనండి నేర్పేను. ఇప్పుడు ఎలాగండీ బాబాయిగారూ?"

ఎలాగేముంది. నేను లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. లోపల మాటలు మళ్ళీ మొదలయ్యాయి.